అవుటర్‌లో ఆగిన సర్జన్

మూడేళ్ల కిందట, మృగశిర కార్తె వచ్చిన మర్నాడు, సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కొత్త పని ఒప్పుకున్నాను. ముందురోజు తిన్న కొర్రమీను పులుసు బద్ధకం ఒంట్లో ఉండగానే అల్వాల్‌లో బస్సెక్కి, తొమ్మిదింటికల్లా మెడికల్ డైరెక్టర్ గారి గది ముందు కూచున్నాను. నాకిచ్చిన కాగితంలో నా హోదా ‘ఎగ్జిక్యూటివ్ కోచ్’ అని ఉంది. గడువు మూడు నెలలు, సిట్టింగులు ఆరు, ఒక్కో సిట్టింగు గంటసేపు. ఎవరితో అంటే, రెండు నెలల కిందటే సర్జరీ విభాగానికి హెడ్ అయిన డాక్టర్ రామ్మోహన్‌తో.

అప్పటికే నేను ఒకసారి రిటైరైనదాన్ని. ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి, నర్సింగ్ సూపరింటెండెంటుగా దిగిపోయాను. ఇంట్లో కూచుని నెల తిరక్కముందే మా ఆయన చేతులెత్తేశారు. నేను పొద్దున్నే వంటింట్లోనూ పెరట్లోనూ రౌండ్స్ వేస్తున్నానట, మంచం మీది దుప్పటి మూలలు సరిగ్గా మడవలేదని ఆయన్ని నిలదీస్తున్నానట. ఆ బాధ పడలేక ఏదో ఒక కోర్సులో చేరమని ఆయనే పోరారు. ఏడాది చదివి, ఇంకో ఏడాది అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసి, డాక్టర్లకూ నర్సింగ్ అధికారులకూ కోచ్‌నయ్యాను. ఏడేళ్లు ఆ పని చేసి పోయిన ఏడాది రెండోసారి రిటైరయ్యాను. ఇప్పుడు మళ్లీ దుప్పటి మూలలు చూస్తున్నాను.

కోచ్ అనగానే మా బంధువులు క్రికెట్టా, ఎంసెట్టా అని అడిగేవారు. రెండూ కాదు. గొప్పగా ఆపరేషన్ చేసే డాక్టరు ఒకరోజు పొద్దున లేచేసరికి విభాగాధిపతి అవుతాడు. కత్తి పట్టడం ఎలాగో పన్నెండేళ్లు నేర్పినవాళ్లు, నలభైమందితో పనిచేయించడం ఎలాగో పన్నెండు నిమిషాలు కూడా నేర్పరు. అక్కడ కోచ్ అవసరం పడుతుంది. మేం పాఠం చెప్పం, సలహా ఇవ్వం. ప్రశ్నలు అడుగుతాం, చూసింది చూసినట్టు చూపిస్తాం, దారి వాళ్లనే వెతుక్కోనిస్తాం. సలహా ఇవ్వకూడదన్న ఈ ఒక్క నియమం నాబోటి మాజీ మేట్రన్‌కి ఎంత కష్టమో చెప్పలేను. సిట్టింగు అయ్యేసరికి నాలుక మీద పళ్ల గుర్తులుండేవి.

డైరెక్టర్ గారు డాక్టర్ రామ్మోహన్‌ని కూడా పిలిపించి, ఇద్దరి ముందూ విషయం సూటిగా చెప్పారు. ఈ పనిలో అది పద్ధతి. ఆస్పత్రి ఏమి కోరుతున్నదో కోచ్‌కీ కోచింగ్ తీసుకునేవారికీ ఒకేసారి, ఒకే మాటగా తెలియాలి. డాక్టరు చేయి బంగారమని, కాని ఆపరేషన్ థియేటర్ నుంచి ఆర్నెల్లలో ముగ్గురు నర్సులు బదిలీ అడిగారని, కారణం ఎవరూ నోరు తెరిచి చెప్పడం లేదని ఆవిడ అన్నారు. డాక్టరు నలభై అయిదేళ్ల మనిషి. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నన్ను నఖశిఖపర్యంతం ఒకసారి చూసి, "మేడమ్, నాకు కోపం లేదండీ, టైం లేదు, అంతే" అన్నాడు. ఏడేళ్లలో నేను కలిసిన ప్రతి సర్జనూ ఇదే మాటతో మొదలుపెట్టాడు.

మొదటి సిట్టింగు పరిచయాలతో గడిచింది. తర్వాతి వారం షాడోయింగ్. అంటే కోచ్ ఒక రోజంతా ఆ మనిషి వెంట నీడలా ఉండటం. థియేటర్ బట్టలు, టోపీ, మాస్కు వేసుకుని ఒక మూల స్టూలు మీద కూచుంటాను. నోరు విప్పను. నోటుబుక్కులో గీత గీసి ఎడమవైపు కళ్లతో చూసింది, కుడివైపు నాకు తోచింది రాస్తాను. ఎడమవైపు మాత్రమే డాక్టరుకు చూపిస్తాను. కుడివైపు నాకోసం. అక్కడ ఏం రాశానో బయటపెడితే ఈపాటికి చాలామందితో తగువులై ఉండేవి.

ఆ రోజు నాలుగు కేసులు. కత్తి పెట్టేముందు టైం అవుట్ అనే తనిఖీ ఉంటుంది. అందరూ ఒక నిమిషం ఆగి, ఎవరికి వారు పేరూ పనీ చెప్పుకుని, ఈ పేషెంటు ఎవరు, ఏ ఆపరేషను, ఏ వైపు, సామాను సిద్ధమేనా అని పైకి చదివి సరిచూసుకోవాలి. థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్ సుజాత కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టేది. డాక్టరు కడుక్కున్న చేతులు పైకెత్తి, భుజంతో తలుపు తోసుకుని, గౌను తొడిగించుకుంటూనే, "అన్నీ చూశాంగా, కానివ్వండి" అనేవాడు. రెండో లైను దగ్గరే కత్తి చేతికందేది. మిగతా గళ్లలో సిస్టర్ తర్వాత టిక్కులు పెట్టేది. నాలుగు కేసుల్లోనూ ఇదే తంతు. ఇంకొకటి కూడా ఎడమవైపు రాసుకున్నాను. డాక్టరు తలుపు దగ్గర కనబడగానే థియేటర్ టెక్నీషియన్ యాదగిరి, ఎవరూ చెప్పకుండానే, దారిలో ఉన్న మిషను బండిని పక్కకు లాగేసేవాడు.

యాదగిరి గురించి చెప్పాలి. యాభై దాటినవాడు, ఆ థియేటర్‌లో ఇరవై ఆరేళ్ల సర్వీసు. మత్తు మిషను, లైట్లు, లాపరోస్కోపీ కెమెరా, గ్యాస్ సిలిండర్లు అన్నీ అతని చేతిలోవే. వాళ్ల నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. చిలకలగూడ క్వార్టర్లలో రైళ్ల చప్పుడుకు నిద్రపోయి, రైళ్ల చప్పుడుకు నిద్రలేచి పెరిగిన మనిషి. అందుకని అతని నోట ఏ మాటైనా పట్టాల మీదుగానే వచ్చేది. కేసు ఆలస్యమైతే బండి లేటు. పేషెంటు క్షేమంగా వార్డుకు చేరితే బండి ప్లాట్‌ఫారం ఎక్కినట్టు. కొత్త నర్సు తడబడితే "ఇంజను కొత్తది, జెర మెల్లగ నడుస్తది" అని వెనకేసుకొచ్చేవాడు. ఆస్పత్రి అంతటికీ తెలుసు అది యాదగిరి భాష అని. నాక్కూడా తెలుసు. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ నెలలోనే టెక్నీషియన్ల ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. అయిదేళ్ల కిందట కూడా ఒకసారి ఖాళీ అయితే, యాదగిరికి డిప్లొమా లేదు, పాతకాలం సర్టిఫికెట్టే ఉందని పక్కనపెట్టారు. అప్పుడు తీసుకున్న కుర్రవాడికి పని నేర్పింది యాదగిరే. ఇది అతని చివరి అవకాశం. ఇంకో నాలుగేళ్లలో రిటైర్మెంటు. ఇంటర్వ్యూ బోర్డుకు పెద్ద, విభాగాధిపతి హోదాలో, డాక్టర్ రామ్మోహన్.

షాడోయింగ్ తర్వాత త్రీ సిక్స్‌టీ అనే ఘట్టం ఉంటుంది. ఒక మనిషి గురించి పైవాళ్లనూ, సాటివాళ్లనూ, కిందివాళ్లనూ విడివిడిగా అడిగి, వాళ్లన్నదాన్ని పేర్లు లేకుండా నివేదికగా రాసి ఆ మనిషి చేతికివ్వడం. ఫిజియోథెరపీ స్టోర్ రూములో రెండు కుర్చీలు వేయించుకుని ఏడుగురితో మాట్లాడాను. ప్రతివారికీ ముందే మాటిచ్చాను, మీ పేరు ఈ గది దాటదని. ఆరుగురు ఆచితూచి మాట్లాడారు. సార్ మంచోరే, కొంచెం స్పీడు, అంతవరకే. యాదగిరి మాత్రం రెండు నిమిషాలు నేల చూసి, తర్వాత తలెత్తి ఉన్నదంతా చెప్పాడు.

"సార్ థియేటర్ల అడుగు పెట్టిండంటే సిగ్నల్ చూడని గూడ్స్ బండి వచ్చినట్టే మేడం. అవుటర్ల సుత ఆగడు. పట్టాల మీదున్నోళ్లే జరుగాలె."

అవుటర్ అంటే స్టేషన్‌కు కాస్త ముందుండే సిగ్నల్. ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే బండి అక్కడ ఆగి లైన్ క్లియర్ కోసం చూడాలి. సికింద్రాబాద్ స్టేషన్‌కి వచ్చే ప్రయాణికుడెవరికైనా దాని రుచి తెలిసే ఉంటుంది.

నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, నివేదిక రాసేటప్పుడు అక్షరం మార్చకుండా దించేశాను. ఇక్కడే నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. నర్సింగ్‌లో మొదటి ఏడాదే నేర్పేది ఒకటుంది. పేషెంటు బాధను పేషెంటు మాటల్లోనే రాయాలి. గుండెలో నొప్పి అని నువ్వు తర్జుమా చేయకూడదు, ‘ఎదల రాయి పెట్టినట్టున్నది’ అంటే అదే రాయాలి. ముప్ఫై నాలుగేళ్లు అలాగే రాశాను, జూనియర్లు మార్చి రాస్తే చీవాట్లు పెట్టాను. కోచింగ్‌లో నియమం సరిగ్గా దానికి తలకిందులు. వాక్యం రాయకు, సారం రాయి, మనిషి ఆనవాలు మిగలనివ్వకు. మా పర్యవేక్షకురాలు ఈ మాట పదిసార్లు చెప్పింది. పదిసార్లూ తలూపాను. చేతికి మాత్రం పాత అలవాటే ఉంది. పేరు కొట్టేశాను కదా, ఇంకేం భయమని శుభ్రంగా టైపు చేయించి, శుక్రవారం మూడో సిట్టింగులో డాక్టరు చేతిలో పెట్టాను.

ఆయన మొదటి పేజీ తిప్పాడు, రెండో పేజీలో ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. అంతవరకు నాకు తట్టనే లేదంటే మీరు నమ్మాలి.

"ఇది యాదగిరి మాట కదండీ" అన్నాడు.

ఎవరన్నారో చెప్పడం పద్ధతి కాదని నేను నెమ్మదిగా అన్నాను. ఆయన నా వైపు చూడకుండానే, మీరు చెప్పక్కర్లేదు, ఈ బిల్డింగులో అవుటర్ అనే మాట వాడేవాడు ఒక్కడే అన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఇంకా ఇరవై నిమిషాలుండగానే లేచి వెళ్లిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు. విసురుగా వేసినా బాగుండేది, కోపమో కాదో తెలిసేది.

ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చిందన్నట్టు, డాక్టరుకు బుద్ధులు నేర్పబోయి యాదగిరి నోటి దగ్గర కూడు నేను లాగేసినట్టయింది. వచ్చే గురువారమే ఇంటర్వ్యూ. ఆ గదిలో అయిదు నిమిషాలు అలాగే కూచున్నాను. అరవై మూడేళ్ల మనిషిని, మొదటి ఏడాది నర్సు చేయని తప్పు చేశాను. తర్వాత పర్యవేక్షకురాలికి ఫోన్ చేశాను. ఇలాంటి సమయంలో కోచ్ ఒంటరిగా నిర్ణయాలు తీసుకోకూడదు, అది కూడా నియమమే. ఆవిడ నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఎవరి మాట బయటపడిందో ముందు అతనికి చెప్పమంది. తర్వాత డైరెక్టర్‌కి చెప్పమంది. డాక్టరు ఏం చేస్తాడోనని ఊహలల్లొద్దంది. మూడింటిలో మూడోదే కష్టం.

యాదగిరి థియేటర్ల పక్కనున్న పాంట్రీలో టీ తాగుతున్నాడు. ఎదురుగా కూచుని, చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. అతను గ్లాసు కింద పెట్టాడు.

"ఇరవై ఆరేండ్లల ఒక్కసారి మనసులున్నది చెప్పిన మేడం. గదే రాసిచ్చిన్రా?"

అదే రాశానని, తప్పు పూర్తిగా నాదని, ఇప్పుడే వెళ్లి డైరెక్టర్ గారితో చెబుతానని అన్నాను. అతను అడిగాడు, అవుటర్ అని సుత రాసిన్రా అని. రాశానన్నాను. అతని ముఖంలో ఏదో కదిలింది. ఏడుస్తాడేమో అనుకున్నాను, కాని మీసాల కింద నవ్వాపుకుంటున్నాడు. ఇగ దాచేదేమున్నది, ఇంజను మీద పేరు రాసి పంపినట్టే అన్నాడు. అతను నవ్వాడు కదా అని నా తప్పు తగ్గలేదు. కాని ఆ క్షణంలో ఆ నవ్వు నాకెంత మేలు చేసిందో నాకే తెలుసు.

డాక్టర్ రామ్మోహన్ బోర్డులో కూచోకుండా చూడమని డైరెక్టర్ గారిని అడుగుతానన్నాను. న్యాయంగా అది కనీస మర్యాద. యాదగిరి ఒప్పుకోలేదు.

"వద్దు మేడం. సార్‌ను ఉండనియ్యిర్రి. బోర్డుల నా పనేందో కండ్లతోని చూసినోడు ఆయనొక్కడే. ఆయన లేకుంటే మిగిలేది నా సర్టిఫికెటే."

డైరెక్టర్ గారికి జరిగింది చెప్పాను, లిఖితంగా కూడా ఇచ్చాను. ఆవిడకు చాలా కోపం వచ్చింది, రావాల్సిందే. నివేదిక వెనక్కి తీసుకోమన్నారు. యాదగిరి కోరిక ప్రకారం బోర్డును మార్చలేదు గాని, మార్కులు వేసేటప్పుడు తాను కూడా కూచుంటానన్నారు. మంగళవారం నా రెండో షాడోయింగ్ ముందే ఖరారైంది. మళ్లీ రానివ్వడం డాక్టరు ఇష్టం. మెసేజ్ పెట్టి అడిగాను. ‘రండి’ అని ఒక్క మాట జవాబు వచ్చింది. ఆ ఒక్క మాటను శని, ఆది, సోమ మూడు రోజులు నమిలాను. మా ఆయన ఉప్మాలో ఉప్పులేదని కూడా నాతో అనలేదు, అంటే నా ముఖం ఎలా ఉందో ఊహించుకోండి.

మంగళవారం మొదటి కేసు గాల్‌బ్లాడర్. పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, లోపల గ్యాస్ నింపి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్. పేషెంటుకు మత్తిచ్చారు. సిస్టర్ సుజాత కాగితం పట్టుకుని నిలబడింది. నేను నా స్టూలు మీద, నా నోటుబుక్కుతో. యాదగిరి నా వైపు ఒకసారి చూసి, తన మిషన్ల వైపు తిరిగాడు. తలుపు భుజంతో తెరుచుకుంది. యాదగిరి అలవాటు ప్రకారం మిషను బండి మీద చెయ్యి వేశాడు.

డాక్టరు లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు. చేతులు పైకెత్తి ఉన్నాయి, మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ముఖం సగం మాస్కులో ఉంది, నవ్వుతున్నాడో పళ్లు కొరుకుతున్నాడో తెలియదు.

"యాదగిరీ, అవుటర్లో ఉన్నాను. సిగ్నల్ ఇస్తావా?"

అందరి ముందూ అతన్ని అవమానిస్తున్నాడా, లేక నిజంగానే అడుగుతున్నాడా? యాదగిరి కూడా అదే ఆలోచిస్తున్నట్టున్నాడు. కావాలంటే అతను తలవంచుకుని, రండి సార్ అనేసి తప్పించుకోవచ్చు. ఇరవై ఆరేళ్లుగా అన్నది అదే. అతను తలవంచుకోలేదు. మిషను మీద ముల్లు చూశాడు, డాక్టరు ముఖం చూశాడు, మళ్లీ ముల్లు చూశాడు.

"ఇంక లేదు సార్. గ్యాస్ సిలిండర్ల ప్రెషర్ పడిపోతున్నది. నిండుది తెమ్మని పంపిన. రెండు నిమిషాలు అవుటర్లనే ఉండుర్రి."

ఒక టెక్నీషియన్ ఒక సర్జన్‌తో బయటే ఉండమని అనడం నా సర్వీసు మొత్తంలో అప్పుడే విన్నాను. ఇదివరకైతే సిలిండర్ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. కేసు మొదలయ్యాక సగంలో గ్యాస్ తగ్గేది, తెర మీద బొమ్మ మసకబారేది, అప్పుడు హడావుడిగా మార్చేవారు, తిట్లు యాదగిరికి పడేవి. మత్తు డాక్టర్ పేషెంటును చూసి, పర్లేదు ఆగొచ్చని తలూపాడు. డాక్టర్ రామ్మోహన్ "సరే" అన్నాడు. ఆగాడు. నిజంగా ఆగాడు. గడప దగ్గర చేతులెత్తి నిలబడి, పైకప్పు లైట్లు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. మొదటి నిమిషం అందరూ బిగుసుకుని ఉన్నారు. రెండో నిమిషంలో ఎవరి మాస్కు వెనకో చిన్న నవ్వు వినబడింది. సిస్టర్ సుజాత ముఖానికి కాగితం అడ్డం పెట్టుకుంది గాని, భుజాలు కదులుతూనే ఉన్నాయి.

సిలిండర్ వచ్చింది. యాదగిరి బిగించి, ముల్లు సరిచూశాడు. డాక్టరు లోపలికి వచ్చి గౌను, గ్లౌజులు వేసుకుని, చెయ్యి చాచకుండా నిలబడ్డాడు. సిస్టర్ మొదటి లైను నుంచి చివరి లైను వరకు చదివింది. అందరూ పేరూ పనీ చెప్పారు. "రామ్మోహన్, సర్జన్" అన్నాడాయన, స్కూల్లో హాజరు పలికినట్టు. చివర యాదగిరి వంతు.

"యాదగిరి, టెక్నీషియన్. లైన్ క్లియర్ సార్."

ఇక ఎవరూ ఆపుకోలేదు. మత్తు డాక్టరు పగలబడి నవ్వాడు. నేను స్టూలు మీద మూల కూచుని నోరు విప్పకూడని మనిషిని, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాను. కేసు నలభై నిమిషాల్లో, ఒక్కసారి కూడా ఆగకుండా అయిపోయింది.

మధ్యాహ్నం సర్జన్ల గదిలో డాక్టరు నన్ను కూచోమన్నారు. శుక్రవారం చాలా కోపం వచ్చిందని దాచకుండా ఒప్పుకున్నారు. యాదగిరి మీదా, నా మీదా కూడా. గూడ్స్ బండి అన్నందుకు కాదట, అది విని లోపల నవ్వే వచ్చిందట. పట్టాల మీదున్నవాళ్లే జరగాలి అన్న మాట మాత్రం జేబులోంచి పోలేదట.

"శనివారం వార్డులో నడుస్తూ ఎవరు పక్కకు జరుగుతున్నారో చూశానండీ. అందరూ జరుగుతున్నారు. స్ట్రెచర్ మీద పేషెంటుని తోస్తున్నవాడు కూడా, నాకోసం గోడవైపు జరిగాడు."

నేను వెంటనే ఏమీ అనలేదు. మా పనిలో అతి పెద్ద నైపుణ్యం ఆ సమయంలో నోరు మూసుకోవడమే. కాసేపయ్యాక, ఇప్పుడేం చేయాలనుకుంటున్నారని మాత్రం అడిగాను. జవాబు ఆయన దగ్గర అప్పటికే ఉంది. ఇక నుంచి థియేటర్‌లో సిగ్నల్ తనది కాదన్నారు. గురువారం బోర్డు సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అది మేమిద్దరం మాట్లాడుకోవలసింది కాదు.

బోర్డులో జరిగింది డైరెక్టర్ గారు తర్వాత చెప్పారు. ముగ్గురు అభ్యర్థులకూ డాక్టరు ఒకే ప్రశ్న వేశారు, కేసు మొదలయ్యేముందు నన్ను ఎప్పుడెప్పుడు ఆపుతారని. మంచి డిప్లొమాలున్న ఇద్దరూ అలాంటి అవసరమే రానివ్వం సార్ అన్నారు. యాదగిరి వేళ్లు మడుస్తూ పదకొండు సందర్భాలు చెప్పాడు. పన్నెండోది చెప్పబోతుంటే డాక్టరే చాలన్నారు. మార్కులు డైరెక్టర్ గారు స్వయంగా సరిచూశారు. సాయంత్రం నేను తిరుమలగిరి దగ్గర బస్సులో నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"మేడం, బండి ప్లాట్‌ఫారం ఎక్కింది."

బస్సులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. కండక్టరమ్మ ఏమైందమ్మా అని అడిగితే, మావాడికి ప్రమోషన్ వచ్చిందన్నాను. మర్నాడు యాదగిరి థియేటర్ అందరికీ జిలేబీలు పంచి, వాళ్ల నాయన వాడిన పాత పచ్చజెండా ఒకటి తెచ్చాడు. థియేటర్ తలుపు పక్కన పెడదామని అతని కోరిక. స్టెరైల్ కాని గుడ్డ ముక్క తన థియేటర్ గడప తొక్కదని సిస్టర్ సుజాత ఒక్క మాటలో తేల్చేసింది. జెండా పాంట్రీ గోడకెక్కింది. మిగిలిన మూడు సిట్టింగులు సాఫీగా జరిగాయి. ఆ ఏడాది థియేటర్ నుంచి ఎవరూ బదిలీ అడగలేదని తర్వాత విన్నాను. బయట రాష్ట్రం నుంచి వచ్చిన కొత్త డాక్టర్లు కూడా లైన్ క్లియర్ అనందే కత్తి అడగరట.

దీన్ని నా విజయంగా చెప్పేవాళ్లున్నారు. ఒక సమావేశంలో ఒకావిడ, మీరు కావాలనే అలా రాశారు కదా అని కూడా అడిగింది. కాదు. నేను నియమం తప్పాను. నియమం తప్పకుండా ‘సమాచార మార్పిడి మెరుగుపడాలి’ అని చప్పగా రాసి ఉంటే, డాక్టరు ఆ కాగితాన్ని సొరుగులో వేసి మరిచిపోయేవాడు. అది కూడా నిజమే. ఈ రెండు నిజాలూ ఒకదానితో ఒకటి పొసగవు. పొసగించాలని చాన్నాళ్లు ప్రయత్నించి మానేశాను.

ఆ తర్వాత ఇంకో రెండేళ్లే పనిచేశాను గాని, ఆ రెండేళ్లూ ఒక పద్ధతి పాటించాను. ఎవరి మాటైనా నివేదికలో పెట్టాలనిపిస్తే, ముందు ఆ మనిషికే చదివి వినిపించేదాన్ని. ఇది మీదేనని పోల్చుకుంటారు, ఉంచనా, తీసేయనా అని అడిగేదాన్ని. ఎక్కువమంది తీసేయమన్నారు. ఎంత మంచి మాటైనా తీసేశాను. యాదగిరిని నేను ఆ ప్రశ్న అడగలేదు. ఆ రోజు అతను తలెత్తి నిలబడ్డాడు కాబట్టి కథ ఇలా ముగిసింది. ధైర్యం అతనిది, తప్పు నాది.